తలవైపు స్టూలు

అమ్మకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. ఫోనులో చెబుదామంటే నీ గొంతు వినగానే ఏడుపొస్తుంది, నువ్వేమో తిన్నావా అని అడుగుతావు, అసలు సంగతి అక్కడే ఆగిపోతుంది. నేను ఈ చదువు మానేస్తున్నానమ్మా. శుక్రవారం కాలేజీలో చెప్పేసి కొండెక్కి ఇంటికి వచ్చేస్తాను.

ఐసీయూలో ఇన్నేళ్ళు నర్సుగా చేసినదాన్ని, మత్తు ఇవ్వడం నేర్చుకోవడం ఎంతసేపులే అనుకున్నాను. పుస్తకాల దగ్గర నాకు భయం లేదు. ఆపరేషన్ గదిలో మాత్రం రోజూ చచ్చి బతుకుతున్నాను.

మొన్న ఒక ముసలాయనకి మత్తు ఇచ్చాం. ఇవ్వగానే బీపీ పడిపోవడం మొదలైంది. దాన్ని పెంచే మందు సిరంజిలో సిద్ధంగా నా చేతిలోనే ఉంది. నేనేం చేశానో తెలుసా? బీపీ పడిపోతోందని గట్టిగా చెప్పి నిలబడ్డాను. ఐసీయూలో అంతేగా, మనం చెబుతాం, డాక్టరు ఫలానాది ఇవ్వమంటాడు, ఇస్తాం. ఆ గదిలో ఎవరూ ఏమీ అనలేదు. మళ్ళీ చెప్పాను. నాకు పని నేర్పే రోవెనా మేడమ్ కూడా ఒకప్పుడు నాలాంటి నర్సే. ఆవిడ నా చేతిలోంచి సిరంజి లాక్కుని మందు ఎక్కించింది.

"ఎవరికి చెప్తున్నావు? ఇక్కడ ఆ మాట వినాల్సింది నువ్వే" అంది.

ముసలాయన బాగానే ఉన్నాడు. నేనే బాగా లేను. బయటికొచ్చాక ఆవిడ, ఇంకోసారి ఇలా నిలబడిపోతే నన్ను పంపేయమని తనే రాస్తానంది. "నువ్వంటే నాకు ఇష్టమే. నీ ముందు కళ్ళు మూసుకునేవాళ్ళంటే ఇంకా ఇష్టం." అరిచినా బాగుండేది. నెమ్మదిగా చెప్పింది.

ఇంకొకటి చెబితే నవ్వుతావు. రోగి తలవైపు మత్తు ఇచ్చేవాళ్ళకి ఒక స్టూలు ఉంటుంది. సర్జన్ నిలబడి ఉండగా నేను దానిమీద కూర్చోలేకపోతున్నాను. వెన్ను విరిగిపోతున్నా నిలబడే ఉంటాను. కోపం తెచ్చుకోకు, ఇది నీ దగ్గర నేర్చుకున్నదే. బడి వదిలాక నువ్వు నర్సుగా చేసే వార్డులో మూల కూర్చునేదాన్ని. డాక్టరు వస్తే మీరందరూ లేచి కుర్చీలు ఇచ్చేవాళ్ళు. నేను లేవకపోతే గిల్లేదానివి. ఆ గిల్లుడు ఇంకా పోలేదమ్మా.

మత్తు ఇచ్చే హోబర్ట్ గారు రిటైరైన దగ్గర్నుంచి మన ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి తాళం పడింది. మత్తు ఇచ్చే మనిషి లేక కాన్పులకి కూడా కొండ దాటి పోతున్నారు. నేను నేర్చుకొస్తానని చర్చిలో ఆడవాళ్ళంతా ఆపిల్ పళ్ళతో తీపివంటలు చేసి పంపారు. వాళ్ళకి ఏ మొహం చూపించను? నావల్ల కాదు. నన్ను ఏమీ అనకు.

నీ
డెలీనా

తల్లీ డెలీనా,

అనకు అంటే ఎలా, అనడానికేగా నేనున్నది.

నీ గదిలో కుట్టుమిషన్ పెట్టేశాను. మంచం మీద బొంతకి కుట్టే గుడ్డముక్కలు పరిచి ఉన్నాయి. వచ్చి ఎక్కడ పడుకుంటావో ఆలోచించుకో.

మేం లేచి నిలబడ్డాం, నిజమే. లేవకపోతే ఉద్యోగం ఊడేది. నిన్ను గిల్లింది కూడా అందుకే, మర్యాదకి కాదు. దాన్ని పట్టుకుని ఇన్నేళ్ళు మోస్తావని నాకేం తెలుసు.

అంత పొడుగు రాశావు గానీ ఒక్క సంగతి రాయలేదు. ఆ సిరంజిలో ఉన్నది సరైన మందేనా? అదే ఇవ్వాలని నీకు తెలుసా? తెలియకపోతే ఈ పూటే వచ్చేయ్, మిషన్ తీసేస్తాను. తెలిస్తే నన్నెందుకు అడుగుతున్నావు?

తిను.

అమ్మ ఓపల్

అమ్మకి,

తెలుసు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఆ ఒక్క మాటే చెప్పుకుంటున్నాను. అయినా శుక్రవారం పొద్దున సంచి సర్దుకునే ఆసుపత్రికి వెళ్ళాను.

ఒకావిడకి పిత్తాశయం తీసే ఆపరేషన్. చూడ్డానికి వీలుగా కడుపులోకి గ్యాస్ నింపుతారు. నింపుతుంటే ఆ ఒత్తిడికి గుండె నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది. రోవెనా మేడమ్ వెనకాల చేతులు కట్టుకుని నిలబడింది. సర్జన్ ప్రూయిట్ గారంటే గదిలో అందరికీ హడల్.

"డాక్టర్, గ్యాస్ బయటికి వదిలేయండి" అన్నాను.

"ఒక్క నిమిషం ఆగు."

"ఆగను. ఇప్పుడే వదలండి."

అంటూనే గుండె వేగం పెంచే మందు ఎక్కించేశాను, ఎవర్నీ అడగలేదు. ఆయన వదిలాడు. అమ్మా, తెర మీద గీత చదునుగా సాగింది. నేను ఆవిణ్ణి చంపేశాననే అనుకున్నాను. అప్పుడు ఒక్కసారి కొట్టుకుంది గుండె. మళ్ళీ కొట్టుకుంది.

ఆయన ఊపిరి పీల్చుకుని, నా వైపు చూడకుండానే, మళ్ళీ మొదలుపెట్టొచ్చా అని రోవెనా మేడమ్‌ని అడిగాడు.

"మత్తు ఇస్తున్నది తను. తననే అడగండి" అందావిడ.

ఆయన నన్ను అడిగాడు. కాసేపు ఆగమన్నాను. ఆగాడు.

నేను గోడకి ఆనుకోబోయాను. మేడమ్ స్టూలుని కాలితో నా వైపు తోసింది. సర్జన్ చేతులు పైకి పట్టుకుని నిలబడే ఉన్నాడు. నేను కూర్చున్నాను.

కుట్టుమిషన్ నా గదిలోనే ఉండనీ.

నీ
డెలీనా