నిప్పు లేకపోయినా ఊదు

లూదియా,

శెనక్కాయల లారీలో నంద్యాలకు పోతున్నాను. పొద్దు గుంకేలోగా వస్తాను. బర్రెకు కుడితి పెట్టు.

నేను లేనప్పుడు ఆ గుండెదడ వస్తే చచ్చిపోతానని భయపడొద్దు. గుండె బాగుందని ఆళ్లగడ్డ డాక్టరు చెప్పినాడు కదా. నేనూ చూస్తూనే ఉన్నాను, అది ఎసరు మాదిరి పొంగుతుంది, దానంతట అదే దిగిపోతుంది. మొన్న పొయ్యి ఊదుతుంటే నీకు దడ తగ్గింది. అందుకని ఈసారి వస్తే గడపమీద కూర్చొని ఊదుగొట్టంతో మెల్లగా, పొడుగ్గా ఊదు. పొయ్యిలో నిప్పు లేకపోయినా పర్వాలేదు.

ఆడబిడ్డ కదా అని మా అక్క దెబోరాను మాత్రం పిలవద్దు. పోయినసారి వచ్చీ రాగానే "ఇంగ పోతాంది, పాడండప్పా" అని సమాధికాడ పాడే పాట ఎత్తుకుంది. నువ్వు లేచి నీళ్లు తాగినా చరణాలన్నీ అయ్యేదాకా ఆపలేదు. మర్యాదకు నువ్వూ గొంతు కలిపితే, రాగం తప్పినావని నిన్నే తిట్టింది.

మరిచినాను. పాత ఊదుగొట్టం కోసం వెతకొద్దు, నేను తీసుకుపోతున్నాను. నీకు కొత్తది తలుపు వెనక పెట్టినాను. నిన్ను ఒక్కదాన్నే విడిచిపోవాలంటే పొద్దున్నుంచి నాకూ దడగానే ఉంది. లారీలో వాళ్లు నవ్వితే నవ్వుకోనీ, ఆళ్లగడ్డ దాటేదాకా ఊదుకుంటా పోతాను.