కింది కొస

గంగన్నా,

ఈరోజు ఇక్కడి రిగ్గై పేటలో ఒక ఇంటి మెట్లకు ఇరాన్ పాలరాయి వచ్చింది. నువ్వుంటే ముందు వేలి కణుపులతో తట్టి, చెవి పెట్టి వినేవాడివి.

ఇరాకీ సైన్యం ఈ దేశంలోకి వచ్చిన ఆ తొంభయ్యో ఏడాది ఆగస్టులో, పని ఆగిపోయి ఖైతాన్ గదిలో ఆరుగురం ఇరుక్కున్నప్పుడు మనం పోట్లాడుకున్నది దీని గురించే. "పాలరాయంటే మన కడప బండేరా. భూమి లోపల కాలి అట్లయింది," అన్నావు.

"బండ కాలితే సున్నమయితాది. మనూరి బట్టీలో సూడలేదా?" అని నవ్వాను.

"పందెం. ఓడినోడు కింది కొస పట్టాల."

బండను మెట్లెక్కించేటప్పుడు బరువంతా కిందివాడి మీదే పడుతుంది. ఎప్పుడూ నువ్వే పట్టేవాడివి, మొండివాడివి.

మర్నాడు జోర్డాన్ వెళ్లే బస్సులో ఒక్క సీటే ఉంది. "యల్లా, ఎక్కు," అని నన్ను తోశావు. యుద్ధమయ్యాక నేను తిరిగొచ్చినా, నీ కబురు లేదు.

ఇవాళ ఇక్కడి ఇంజనీరును అడిగాను. ఆ ఇరాన్ కొండల కింద, భూమి పగులు వెంబడి, పైనుంచి అంత బరువు అదిమిపట్టి ఉండగా కాగితే సున్నపురాయి పాలరాయి అవుతుందట. బయట కాలితేనే సున్నం. మన కడప బండ కూడా సున్నపురాయేనట.

మెట్ల దగ్గర జతగాడు, "వయసైనోడివి, పై కొస పట్టుకో అన్నా," అన్నాడు.

"పందెం ఓడిపోయినాలే," అని కింది కొస పట్టుకున్నాను.