ఉన్నీస్, ఉన్తీస్

నవంబరు 3, సోమవారం

అపర్ణ 4.50కి లేచింది. స్టవ్ మీద పాలు పెట్టి పుస్తకం తెరిచింది. 5.05కి పాలు పొంగిపోయాయి. నేను చూస్తూనే ఉన్నాను. చెప్పలేదు. ధ్యాస ఎక్కడుందో తనకే తెలియాలి.

కోడలు బి.కాం. చదవడం ఇది ఆరో ఏడు. చదువు మూడేళ్ళదే. దుర్గ్‌లో టైర్ల షాపు మీద రెండు గదుల కాలేజీ. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసమట. పాంఫ్లెట్ మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో ఫ్లెక్సిబుల్ అని ఉంది. క్లాసు లేదు, గంట లేదు, హాజరు లేదు. పక్కన చదివేవాళ్ళ మొహం కూడా తెలియదు. మీకు వీలైనప్పుడు చదువుకోండి అంటారు. ఆదివారం మాత్రం వాళ్ళకి వీలుకాదు. తాళం వేసి ఉంటుంది. పని చేసుకునేవాళ్ళ కాలేజీ, ఆదివారం సెలవు.

ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పాను. గంట కొట్టాక వచ్చిన పిల్లని గుమ్మంలోనే నిలబెట్టాను. వీలు అనే మాట నా క్లాసులో వినపడలేదు.

నవంబరు 4, మంగళవారం

అపర్ణ ప్రాజెక్టు రిపోర్టు బల్ల మీద వదిలి డ్యూటీకి పోయింది. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర వేబ్రిడ్జ్ మీద కాంట్రాక్టు పని. సరుకుతో వచ్చిన లారీని తూచాలి, ఖాళీ లారీని తూచాలి, తీసివేత చేసి స్లిప్పు ఇవ్వాలి. తొమ్మిదేళ్ళుగా అదే. రిపోర్టు కూడా దాని మీదే రాసింది. నలభై లారీల పట్టిక.

ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. ప్రతి తీసివేతా, ప్రతి శాతమూ వేసి చూశాను. గంటా ఇరవై నిమిషాలు. ఒక్క తప్పు లేదు. మళ్ళీ మొదటి నుంచి చూశాను. పెన్నుకి మూత పెట్టేశాను.

ఈ అపర్ణ ఆరో తరగతిలో నా దగ్గరే చదివింది. తెలుగు సెక్షన్ మూసేశాక మా ఖుర్సీపార్ బస్తీ తెలుగు పిల్లలందరినీ హిందీ మీడియంలో కలిపేశారు. అందుకే తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. అప్పట్లో ఈ పిల్లలకి హిందీ అంకెలు పెద్ద గండం. 19 అంటే ఉన్నీస్. 29 అంటే ఉన్తీస్. మనవాళ్ళ చెవికి రెండూ ఒకటే. ఒకరోజు డిక్టేషన్‌లో నేను ఉన్తీస్ అంటే అపర్ణ 19 వేసింది. తేడా ఎంత అని అడిగాను. పది అంది. స్కేలుతో పది కొట్టాను. ఆ తర్వాత ఆ క్లాసులో ఎవరూ ఆ తప్పు చెయ్యలేదు.

నవంబరు 5, బుధవారం, పౌర్ణమి

ఎదురింటి వరమ్మ వత్తులు అడగడానికి వచ్చి వార్త పడేసి పోయింది. ఏటి పంతులమ్మా, నీ కోడలికి పర్మినెంటు అయిపోతాదంట, జాముల్ కాలనీలో క్వార్టరిచ్చేస్తారంట, ఇంక ఇంట్లో నువ్వూ నీ స్కేలూనే గదేటి అని నవ్వింది. అపర్ణే వాళ్ళ కోడలితో అందట. నాతో అనలేదు.

సాయంత్రం మనోజ్‌కుమార్‌ని అడిగాను. నా కొడుక్కి అబద్ధం ఆడడం రాదు, నిజం చెప్పడమూ రాదు. ఇంకా ఏటీ ఖాయం కాలేదమ్మా, ప్రాజెక్టు వైవా ఒక్కటే మిగిలింది, అదైపోతే డిగ్రీ వస్తుంది, మార్చిలోగా కాగితం చూపిస్తేనే పోస్టు అన్నాడు. క్వార్టరు మాట అడిగాను. ఇస్తే వెళ్ళాలి కదమ్మా, హేమకి మంచి స్కూలు కూడా అక్కడే ఉంది అన్నాడు. నువ్వూ రా అంటాడేమోనని రెండు నిమిషాలు అక్కడే నిలబడ్డాను. చెప్పుకి పాలిష్ పెట్టుకుంటున్నాడు.

హేమశ్రీ నా మనవరాలు. పదకొండేళ్ళు. రోజూ సాయంత్రం 5 నుంచి 6 వరకు నా దగ్గర లెక్కలు చేస్తుంది. రెండేళ్ళ ఏడు నెలల్లో పద్నాలుగు రోజులే మానింది. హాజరు పట్టీ నా దగ్గర ఉంది.

నవంబరు 7, శుక్రవారం

ఉదయం 10.40. కాలేజీ క్లర్కు ఫోన్ చేశాడు. ఆరేళ్ళ కిందట ఫారం నింపినప్పుడు అపర్ణకి సొంత ఫోన్ లేదు, నా నంబరు ఇచ్చింది. మార్చాలంటే అఫిడవిట్ కావాలన్నారు, దానికి ఆమెకి వీలు కుదరలేదు. మాతాజీ, అపర్ణ మేడమ్‌కి చెప్పండి, వైవా ఉన్నీస్ తారీఖు, పదకొండింటికి, హాల్ టికెట్ తేవాలి అన్నాడు. ఇదే ఆఖరి ఛాన్సు, ఆరేళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ రద్దు అన్నాడు. ఉన్నీస్, ఏక్ నౌ, అని విడగొట్టి మరీ చెప్పాడు. మద్రాసీలతో అలాగే చెప్పాలని ఎవరో నేర్పినట్టున్నారు. అతను చెబుతుండగానే ఇక్కడ రాసుకున్నాను. అలవాటు.

19. 11.00.

రాత్రి 8.30. అపర్ణ 6.20కి వచ్చింది. చెప్పులు విప్పుతూనే, కాలేజీ సెంటర్నుంచి ఫోనొచ్చిందేటి అత్తమ్మా అంది. వచ్చింది, ఉన్తీస్, పదకొండు గంటలకి అన్నాను. ముందుగా అనుకున్నది కాదు. కానీ తడబడలేదు. త వత్తి పలికాను.

గోడ మీద క్యాలెండరులో 29కి సున్నా చుట్టింది. పక్కాయే కదా అత్తమ్మా, ఉన్నీస్ కాదు కదా, నా చెవుల సంగతి మీకు తెలుసు కదా అని నవ్వింది. నేను ఎప్పుడైనా తారీఖు తప్పు చెప్పానా అన్నాను. మీరా, అని రెండు చెవులూ పట్టుకుంది. మాఫీ టీచర్‌జీ అంది. హేమశ్రీ కూడా చెవులు పట్టుకుంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

భోజనాలయ్యేదాకా దిద్దడానికి సమయం ఉంది. దిద్దలేదు.

నవంబరు 9, ఆదివారం

అపర్ణ నన్ను ఎగ్జామినర్‌ని చేసింది. కుర్చీలో కూర్చోబెట్టి, అడగండి అత్తమ్మా, జాలి పడొద్దు అంది. పడలేదు. తడి బొగ్గుకీ పొడి బొగ్గుకీ తూకం తేడాని ఏ ఖాతాలో చూపిస్తావు అని అడిగాను. చెప్పింది. డ్రైవరు తూకం సమయంలో క్యాబిన్‌లోనే కూర్చుంటే అని అడిగాను. దిగమంటాను, దిగకపోతే స్లిప్పు ఇవ్వను అంది. నలభై ప్రశ్నలకి ముప్పై ఎనిమిది సరిగ్గా చెప్పింది. తప్పిన రెండూ మళ్ళీ అడిగాను. రెండోసారి అవీ చెప్పింది.

మంచి విద్యార్థి.

నవంబరు 13, గురువారం

గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడింది. సరిచేశాను.

నవంబరు 18, మంగళవారం

అపర్ణ 29కి సెలవు చీటీ పెట్టిందట, సూపర్‌వైజరు సంతకం చేశాడట. ఆ రోజు కట్టుకోవడానికి బూడిదరంగు కాటన్ చీరకి గంజి పెట్టించింది. ఇప్పుడు చెప్పినా సరిపోతుంది. చీర ఇస్త్రీకి పది నిమిషాలు, దుర్గ్‌కి ఆటోలో నలభై. అన్నీ లెక్క వేశాను. సరిపోతుంది.

హేమశ్రీ ఈరోజు భిన్నాలు మొదలుపెట్టింది. మామ్మా, కింద నంబర్లు వేరేవేరేగా ఉంటే కూడలేమా అంది. ముందు ఒకటి చెయ్యాలి అన్నాను.

నవంబరు 19, బుధవారం

10.00. అపర్ణ డ్యూటీలో ఉంది. వాళ్ళ ఫోన్లు గేటు దగ్గర పెట్టించేస్తారు.

11.10. ఫోన్ మోగింది. తియ్యలేదు.

11.35. మళ్ళీ మోగింది. తియ్యలేదు.

12.30. మోగడం లేదు. కాల్ లిస్టులోంచి రెండూ తుడిచేశాను. ఆనపకాయ పులుసు చేశాను. ఉప్పు సరిపోయింది.

నవంబరు 29, శనివారం

9.30కి బయల్దేరింది. నా కాళ్ళకి దండం పెట్టింది. విజయీభవ అన్నాను. వేరే ఏమనాలి?

1.50కి తిరిగొచ్చింది. చీర నలగలేదు. గుమ్మంలో నిలబడి చెప్పింది. సెంటర్లో ఎవరూ లేరు, క్లర్కు ఒక్కడే సమోసా తింటున్నాడట. మేడమ్, వైవా ఉన్నీస్‌కే అయిపోయింది, ఎగ్జామినర్ రాయ్‌పూర్ వెళ్ళిపోయారు అన్నాడట. మాతాజీకి ఏక్ నౌ అని విడగొట్టి చెప్పాను, ఆ రోజు రెండుసార్లు ఫోన్ కూడా చేశాను అన్నాడట. ఈవిడ ఏడ్చిందట. అతను సమోసా పొట్లం ముందుకు జరిపాడట. ఆరేళ్ళు నిండిపోయాయి, సిస్టంలో నంబరే తెరుచుకోవడం లేదు, మళ్ళీ ఫస్టియర్‌లో చేరండి మేడమ్, మాది ఫ్లెక్సిబుల్ కదా అన్నాడట.

మనోజ్‌కుమార్ నా వైపు తిరిగాడు. ఏటమ్మా ఇది అన్నాడు. నేను చెప్పగలిగినవి రెండే. కావాలని చేశాను. లేదా, తప్పు విన్నాను. తప్పు విన్నాను అన్నాను. ఆ మాట నా నోట రావడం ఇదే మొదటిసారి.

వాడు గోడకేసి గుద్దాడు. అపర్ణ చాలాసేపు నన్ను చూసింది. తర్వాత మనోజ్ చెయ్యి పట్టుకుని ఆపింది. అత్తమ్మనేటీ అనొద్దు, వయసైపోయింది, ఆరో క్లాసులో నాకూ ఇలాగే అయింది కదా అత్తమ్మా అంది. తేడా పదే కదా అంది.

నవంబరు 30, ఆదివారం

వరమ్మ వచ్చి తలుపు దగ్గరే నిలబడి, పంతులమ్మకే ఉన్నీస్సూ ఉన్తీస్సూ తెలీకపోతే ఇంకెవులికి తెలుస్తాది, మా గుంటల్ని కొట్టి సంపీసింది గదేటి దీనికోసరం అంది. ఇవాళ నవ్వలేదు. ఆవిడ చిన్నకొడుకూ నా క్లాసులోనే చదివాడు.

డిసెంబరు 2, మంగళవారం

అపర్ణ నా ఫోన్ తీసుకుంది. నంబర్లు మిమ్మల్ని కన్‌ఫ్యూజ్ చేస్తాయి అత్తమ్మా అంది. బీపీ మాత్రలు కూడా తన దగ్గరే పెట్టుకుంది, పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి, చేతిలో పెట్టి నోరు తెరిపించి చూస్తోంది. పాల లెక్క తనే రాస్తోంది.

వేబ్రిడ్జ్ పోస్టు గౌరీదేవి అనే అమ్మాయికి ఇచ్చారట. పాతికేళ్ళు లేవట. అపర్ణే ఆమెకి పని నేర్పాలట.

క్వార్టరు లేదు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు.

డిసెంబరు 4, గురువారం

5.00. పలకా పుస్తకమూ సర్ది కూర్చున్నాను.

5.20. హేమశ్రీ బ్యాగు తగిలించుకుని వచ్చింది. మామ్మా, మమ్మీ నన్ను కోచింగ్‌లో వేసింది, నీకు నంబర్లు మిక్స్ అయిపోతున్నాయంట కదా, నాకూ అవుతాయంట అంది. తప్పు చేసిన పిల్లని ఓదార్చినట్టు నా చెంప నిమిరింది. భిన్నాలు సగంలో ఉన్నాయి అన్నాను. సర్ చెప్పేస్తారులే అంది.

హాజరు పట్టీలో ఈరోజు గడి ఖాళీగా వదిలేశాను. ఆబ్సెంట్ వెయ్యాలి. ఎవరికి వెయ్యాలో తేలలేదు.

డిసెంబరు 12, శుక్రవారం

అపర్ణ సెలవు పెట్టి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. జ్ఞాపకశక్తి పరీక్ష. డాక్టరు కుర్రవాడు. కామాక్షమ్మగారూ, వందలోంచి ఏడు తీసెయ్యండి, వచ్చినదాంట్లోంచి మళ్ళీ ఏడు, అలా చెబుతూ పోండి అన్నాడు హిందీలో.

93, 86, 79, 72, 65. అతను మాట ముగించేలోపు నాకు 2 దాకా వచ్చేసింది.

అపర్ణ నా పక్కనే కూర్చుంది. నా మొహంలోకి చూస్తోంది. సరిగ్గా చెబితే నవంబరు 7న కూడా సరిగ్గానే విన్నానని అర్థం. 93 అన్నాను. అపర్ణ నా చెయ్యి పట్టుకుంది. ఆరో తరగతిలో నేను స్కేలు దించిన చెయ్యి అదే. 85 అన్నాను. ఆలోచించండి, తొందరేం లేదు అన్నాడు డాక్టరు. 80 అన్నాను. చాలు అన్నాడు. ఏదో రాసుకున్నాడు. చూశారా డాక్టర్ సాబ్, ముప్పై ఒక్క ఏళ్ళు మ్యాథ్స్ టీచరు అంది అపర్ణ. డాక్టరు అయ్యో అన్నాడు.

రోజూ తేదీ వేసి ఏదైనా రాయించండి, మెదడుకి మంచిది అన్నాడు. డైరీ రాస్తారండి, ఇకమీద తేదీ నేను వేసి పెడతాను, కింద అత్తమ్మ రాసుకుంటారు అంది. ఒప్పుకున్నాను. తనకి తెలుగు చదవడం రాదు కదా. ఇందులో ఆమె చదవగలిగేవి అంకెలు మాత్రమే.

29-12-2025

పై తేదీ అపర్ణ వేసింది. ఎర్ర ఇంకు. ఇవాళ్టి న్యూస్‌పేపరు మీద డిసెంబరు 19, శుక్రవారం అని ఉంది.

వెనక్కి తిప్పాను. నవంబరు 7. నా 19 పక్కన ఎర్ర టిక్కు. నేను నేర్పినట్టే, ఒకే గీతలో.

తేదీ సరిగ్గానే ఉందా అత్తమ్మా అని వంటింట్లోంచి అడిగింది. ఉంది అన్నాను.