మూఢం వెళ్ళాక చేసిన సంతకం

ఏమండీ,

ఈరోజు మీ తద్దినం. మీరు చదవరని తెలుసు, అయినా చెప్పుకోకపోతే ప్రాణం నిలవక రాస్తున్నాను.

మన చిన్నది సత్య ఇంజనీరింగు ఆఖరి ఏడాదిలో ఉంది. ఒక కార్ల కంపెనీ వాళ్ళు కాలేజీతో మాట్లాడుకుని, కొందరు పిల్లలను ఎంచుకుని ఆరు నెలలు ఫ్యాక్టరీలోనే పని నేర్పుతారట. పిల్లలను ఎంచుకోడానికి వచ్చినాయన పాత ఇంజను ఒకటి నడిపించి, దీని జబ్బేమిటో చెప్పమన్నాడట. మీరు పోర్టు లారీల షెడ్డులో నేర్పినట్టే, స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, బేరింగు పోయిందని చెప్పేసిందట. ఎంచుకున్న వాళ్ళలో ఇదొక్కతే ఆడపిల్ల.

తల్లి సంతకం కావాలని కాగితం తెచ్చింది. నాకేమో భయం. ఊరు కాని ఊరు, చుట్టూ మగాళ్ళు, పైగా మూఢం రోజులు. మంచి పని మొదలుపెట్టకూడదు కదా.

"మూఢం ఎల్లనీయే, అప్పుడు సంతకం సేత్తాను," అని కాగితం దేవుడి గూట్లో పెట్టాను.

"కంపెనీవోల్లు మూఢం సూత్తారేటమ్మా? సోమారం ఆకరి రోజు!" అని పదిసార్లు బతిమాలింది.

మూఢం వెళ్ళాక, కాగితం మూలలకు పసుపు రాసి మరీ సంతకం చేశాను. అప్పటికే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశారట.

అది ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టేసుకుంది. నిన్న కుట్టుమిషను గరగరమంటుంటే, మీ స్క్రూడ్రైవరు వెతికి దాని చేతికిచ్చాను.

"ఏటైందో ఇనవే తల్లీ," అన్నాను.

నేను మిషను తొక్కుతుంటే, మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంది. గరగర నాకే వినబడుతోంది.

"నాకేటీ ఇనపడ్డం నేదమ్మా," అంది.