రెండు ఇటుకల మీద కాలు

శ్యామలా,

సౌదీ వాళ్లకే ఉద్యోగాలివ్వాలన్న ఈ నితాఖత్ చట్టం వల్ల కంపెనీ నన్ను ఇంటికి పంపేస్తోందని ఏడవకు. ఇంటికి పోవడమంటేనే వణికిపోయే మనిషిని ఇక్కడ రియాద్‌లో చూశాను.

మా సైటులో ఒక తాపీమేస్త్రి ఉండేవాడు. అతని దేశం మీద ఆంక్షలు పడి, వాళ్ల పనివాళ్లందరినీ వెనక్కి పంపమన్నారు. తమ పాలకుణ్ని తిట్టాడని అతని మీద ఎవరో చాడీ చెప్పారు. దిగగానే కాల్చేస్తారట. కాలు విరిగితే విమానం ఎక్కించరనుకున్నాడు. మేం వంచే రాడ్డులా కాలిని రెండు ఇటుకల మీద ఆనించి, "రఫీక్, మారో" అన్నాడు నాతో, దోస్తూ కొట్టు అని.

"వద్దన్నా, పాపం తగుల్తది" అన్నాడు నాతో పనిచేసే లక్ష్మణ్.

ఇనుప పైపుతో కొట్టాను. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది.

ఆ సాయంత్రమే అతని తోటివాళ్లు ఇద్దరు క్యాంపు గోడ దూకి పారిపోయారు. కదల్లేని అతణ్ని మాత్రం వాళ్ల దేశం నుంచే వచ్చిన కాపలాదార్లు ఆ విరిగిన కాలు పట్టుకునే ఎయిర్‌పోర్టు బస్సులోకి ఈడ్చారు.

వచ్చాక నన్ను రాడ్ల పనికి పొమ్మనకు.