2003 టాప్ టెన్, ఇంట్లో చప్పుళ్లతో సహా

27 అక్టోబర్ 2024, ఆదివారం

నవంబర్ 18న ఆపరేషన్. కుడి చెవిలో ఇంప్లాంట్ పెడతారు. ఎడమది చిన్నప్పుడే జ్వరానికి పోయింది, దాన్నిప్పుడు లేపినా లేవదని డాక్టర్ కాగితం మీద రాసి చూపించాడు. కుడివైపు మిగిలింది కూడా రోజురోజుకీ అరిగిపోతోంది. మెషిన్ పెట్టుకున్నా మనుషుల మాటలు మూటగట్టినట్టు వస్తాయి. పాటలు మాత్రం హెడ్‌ఫోన్స్‌లో వాల్యూమ్ అంతా పెంచితే ఇంకా వినిపిస్తున్నాయి.

ఇంప్లాంట్ తర్వాత మాటలు తెలుస్తాయట. మరి పాటలు, అని అడిగాను. డాక్టర్ కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, అప్పుడు రాశాడు. అది మాటల కోసం చేసిన మెషిన్, సంగీతం మునుపటిలా ఉండకపోవచ్చు, ఇప్పుడున్న కాస్త వినికిడీ ఆపరేషన్‌లో పోవచ్చు అని.

అంటే ఇరవై రెండు రోజులు. అన్ని పాటలూ వినలేను. ఒక్క ఏడాది చాలు. 2003. అప్పట్లో వేసుకున్నట్టే ఆ పాటలకి మళ్లీ ర్యాంకులు వేసి, ఒకటో నంబర్ పాటని అన్నిటికంటే ఆఖరున వింటాను.

నీలిమతో చెప్తే, ముప్పై ఆరేళ్లొచ్చాయి, ఇంకా ఈ నంబర్ల పిచ్చి వదల్లేదా అంది. పెదాలు చదవడం నేర్చుకోవడం వల్ల నష్టం ఇదే. భార్య తిట్టేది ఒక్కటీ తప్పిపోదు.

29 అక్టోబర్

2003 అంటే డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో మా రైల్వే క్వార్టర్. రాయపూర్‌లో తెలుగు క్యాసెట్లు దొరికేవి కావు. కాలనీలో తెలుగువాళ్లంతా వెంటపడగా వెంటపడగా, కేబుల్ వాడు ఆదివారం పొద్దున్న ఒక్క గంట తెలుగు ఛానల్ వేసేవాడు. మిగతా వారమంతా అదే నంబర్ మీద భజనలు. ఆ గంటలోనే టాప్ టెన్ వచ్చేది. టీవీ ముందు స్టూలు, స్టూలు మీద టేప్ రికార్డర్, రికార్డ్ బటన్ మీద నా వేలు. గోడ మీద నేను రాసి అంటించిన అట్టముక్క: చుప్!

మా ఇంట్లో చుప్ ఎవరుంటారు? అందుకే మా పాటలన్నిట్లో చప్పుళ్లున్నాయి. వాన పాటలో ఆకుకూరలమ్మే ఆవిడ లాల్ భాజీ, చేంచ్ భాజీ అనుకుంటూ వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్తుంది. గాజుల పాట రెండో చరణంలో మా అక్క వీణ తుమ్ముతుంది. బస్సు పాటలో గూడ్స్ బండి పోతుంది. పాట అయిపోయినా బండి అవదు. ఈ పేర్లన్నీ మేం పెట్టుకున్నవే. అసలు పేర్లు చాలా రోజులు తెలీదు.

3 నవంబర్, ఆదివారం

ఫోన్లో అసలు పాటలు విన్నాను. శుభ్రంగా ఉన్నాయి. మరీ శుభ్రంగా. గాజుల పాటలో తుమ్ము రావాల్సిన చోట ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. రాలేదు. సామానంతా తీసేసిన క్వార్టర్లో నిలబడ్డట్టుంది.

క్యాసెట్ కావాలి.

4 నవంబర్

ఆఫీసుకి సెలవు పెట్టి టాటీబంధ్‌లో వీణ ఇంటికి వెళ్లాను. క్యాసెట్ బీరువాలో చీరల కింద, అమ్మ జాకెట్ గుడ్డలో చుట్టి ఉంది. పాత టేప్ రికార్డర్ కూడా దాచింది. వీణ ఎప్పుడూ ఏదీ పారెయ్యదు. ఇన్నాళ్లూ దీన్ని వెక్కిరించినందుకు సిగ్గేసింది.

నా నోట్‌బుక్కూ ఉంది. 2003 టాప్ టెన్, ఎర్ర స్కెచ్ పెన్నుతో. పదో నంబర్: ఉయ్యాల పాట. పక్కన బ్రాకెట్లో: అమ్మ పాడుచేసింది.

ఆ కోపం గుర్తుంది. టీవీలో అది ఏడు వారాలు నంబర్ వన్. ఏడు వారాలూ ఏదో ఒక అడ్డం. కరెంటు పోయేది, లేకపోతే క్యాసెట్ నిండిపోయేది. ఎనిమిదో వారం దొరికింది. సరిగ్గా రెండో చరణంలో పెరట్లో నల్లా దగ్గర్నుంచి అమ్మ కేకలు. ఆ పై ఆదివారం నుంచి కేబుల్ వాడు తెలుగు ఆపేశాడు. రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు నేను. నంబర్ వన్ పాటని తెచ్చి పదిలో పడేశాను, పాటకి కాదు, అమ్మకి శిక్ష. అమ్మకి ఆ సంగతే తెలీదు. 2011లో అమ్మ పోయింది.

అమ్మ ఏమని కేకేసిందో మాత్రం గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా రాలేదు.

వీణకి ఆ పాట అప్పుడూ ఒకటే, ఇప్పుడూ ఒకటే. ఇరవై ఒక్కేళ్ల తగాదా మాది. టేప్ పెట్టి ఆ చరణం దాకా విని, పమిటచెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకుంది. ఏమంటోందే అని అడిగాను. నీ పేరే పిలుస్తోంది, ఆపరేషన్ అయ్యాక నువ్వే విందువుగాని, నేను చెప్పనుపో అంది. బతిమాలాను. తిట్టాను. చెప్పలేదు. అచ్చం అమ్మే, మొండి ఘటం.

9 నవంబర్

రోజుకి రెండు పాటలు. టేప్ పాతబడి కొంచెం నిదానంగా తిరుగుతోంది. పాటలన్నీ నిద్రలో నడుస్తున్నట్టున్నాయి. నాకదే బాగుంది. కళ్లు మూసుకుంటే క్వార్టర్ గచ్చు చల్లదనం అరికాళ్లకి తగులుతోంది.

ఉయ్యాల పాట ఆరుసార్లు వెనక్కి తిప్పాను. రాగం మొత్తం వస్తుంది. ఆ చోట మాత్రం ఏదో గరగర. అమ్మ గొంతని తెలుసు. ఒక్క అక్షరం తెలీదు.

పదిలోనే ఉంచాను. నాకూ మొండితనం ఉంది.

14 నవంబర్

బస్సు పాట నాలుగు నుంచి ఆరుకి. అందులో గూడ్స్ బండి చప్పుడు మాత్రం నాలుగులోనే ఉంది.

17 నవంబర్, ఆదివారం, సాయంత్రం 5

ఒకటో నంబర్: వాన పాట. ఆఖరి పాట.

నీలిమ హెడ్‌ఫోన్ ఒక పక్క తన చెవికి పెట్టుకుని నా భుజానికానుకుని కూర్చుంది. కిటికీలో ఎండ దిగిపోతోంది. లోపల వాన. లాల్ భాజీ ఆవిడ వచ్చింది, నా గుండెల మీద నుంచి నడిచి వెళ్లిపోయింది. ఆమె ఇప్పుడు ఉందో లేదో. పాట అయ్యాక టేప్ ఖాళీగా తిరుగుతుంటే దాన్నీ విన్నాను.

భయంగా ఉంది. నీలిమతో అన్నాను కూడా. తను చెయ్యి పట్టుకుంది.

26 నవంబర్

కట్టు విప్పారు. మెషిన్ ఆన్ చెయ్యడానికి ఇంకా రెండు వారాలు. అప్పటిదాకా ఏమీ వినబడదు.

కానీ తలలో పాటలు వాటంతటవే మొదలవుతున్నాయి. పిలవకుండా వస్తున్నాయి, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోతున్నాయి. గాజుల పాట తుమ్ము వాన పాటలో వచ్చింది. గూడ్స్ బండి మీద భాజీ ఆవిడ గంప పెట్టుకుని కూర్చుని వెళ్లింది. ఇది నిద్రో మెలకువో తెలీడం లేదు. ఉయ్యాల పాట కూడా వచ్చింది. రెండో చరణం దగ్గర ఉయ్యాల ఊగడం ఆగింది, అంతా ఎవరి కోసమో ఎదురు చూశారు. కేక రాలేదు.

11 డిసెంబర్

స్విచ్ ఆన్. పూర్ణిమ అని చిన్న పిల్ల, ఆడియాలజిస్ట్, కంప్యూటర్ నొక్కింది. పిక్, పిక్. తర్వాత నీలిమ ఏదో అంది. డబ్బాలో శనగలు కదిపినట్టుంది. నన్ను పేరు పెట్టి పిలిచిందట.

ఆటోలో ఫోన్లో వాన పాట పెట్టుకున్నాను. శనగలు. ఏడ్చాను, సిగ్గు లేకుండా. ఆటో అతను అద్దంలోంచి చూసి, సబ్ ఠీక్ హో జాయేగా అన్నాడట. నీలిమ ఇంటికెళ్లాక రాసి చూపించింది.

22 డిసెంబర్

రోజూ ప్రాక్టీస్. నీలిమ నా వెనక నిలబడి ఒక మాట అంటుంది, పెదాలు చూడకుండా నేను తిరిగి అనాలి. ఉప్పు. పెసరపప్పు. ఇవాళ ఇక్కడి ఊరి పేరొకటి, తిల్దా అంది, తిల్దా అన్నాను. కొంచెం ఆగి నెమ్మదిగా గొణిగింది, ఇక మీదట ఈయన్ని చాటుగా తిట్టుకోడానికీ లేదు అని. వినబడింది అన్నాను. వచ్చి వీపు మీద ఒక్కటిచ్చి, అక్కడే తల ఆనించి ఉండిపోయింది.

పాటలు ఇంకా శనగలే.

5 జనవరి 2025, ఆదివారం, పొద్దున్న 10

క్యాసెట్లో ఉయ్యాల పాట పెట్టాను. రాగం లేదు. పాటే లేదు. రెండో చరణం చోట, ఆ శనగల మధ్యలోంచి, అమ్మ.

ఒరే రవీ, గేస్ బంద్ చెయ్‌రా, పాలు పొంగిపోతన్నాయి. ఒరే. ఒరే రవీ. ఇనబడ్లేదేట్రా?

ఒకటో నంబర్.

వంటింట్లోకెళ్లి గేస్ చూసొచ్చాను. బందే ఉంది.