నురుగు తీసిన చెయ్యి

వాల్తేరు,
డిసెంబరు 1957

నాన్నకు,

నీ రాజ్యం రాస్తున్నాను. ఒళ్లు బాగానే ఉంది, మనసే బాగాలేదు. చోడవరంలో చెరకు నరికి, ఈపాటికి బెల్లం పెనం ఎక్కించి ఉంటావు. పని రోజుల్లో నీకు బెంగ పెట్టకూడదని ఇన్నాళ్లూ దాచాను.

భీమిలి ఇసుకలోంచి వచ్చిన లోహాలు కలిసిన నీళ్లలోంచి థోరియం ఒక్కదాన్నే వేరుచేయాలి. అదీ ఇక్కడ యూనివర్సిటీ ప్రయోగశాలలో మా పని. గాజుకు అంటకుండా కాస్త సబ్బు వేసి, గాలి ఊది కలుపుతాం. వేరుపడకపోయినా, అందరికీ పోసిన థోరియమంతా చివరి తూకంలో కనిపిస్తుంది. నా గిన్నెలోదే మాయమవుతోంది. ఇంతా చేసి, నా అంత శుభ్రంగా పనిచేసేవాళ్లు ఇక్కడ లేరు! మిగతావాళ్లు నురుగు జోలికే పోరు. నాకది చూస్తే చెయ్యి ఊరుకోదు, గరిటెతో తీసి పక్క కుండలో పారేస్తాను. "నురుగు మీద జాలి పడకే గుంటా, బెల్లం నల్లబడిపోద్ది" అని బెల్లం పెనం దగ్గర నువ్వు అరిచిన అరుపులు ఇంకా చెవిలోనే ఉన్నాయి.

తోటి విద్యార్థి బంగార్రాజు "ఏటమ్మా, లోహం తినేస్తన్నావేటి?" అని అందరి ముందూ నవ్వేడు. అనంతరామయ్య మేష్టారు నవ్వలేదు. "నీ చేతికి ఈ పని రాదమ్మా" అన్నారు. ఆ మాట మింగుడు పడటం లేదు నాన్నా. మానేసి వచ్చేస్తున్నాను. శనివారం బస్సు దగ్గరికి అన్నయ్యను పంపు.

నీ కూతురు,
రాజ్యం


వాల్తేరు,
బుధవారం

నాన్నకు,

అన్నయ్యను పంపకు. నేను రావడం లేదు.

వెళ్లేముందు సామాను కడిగి అప్పగిద్దామని నురుగు కుండ తీశాను. అడుగున తెల్లగా పేరుకుని ఉంది. పారబోయబోయి ఆగి, పరీక్ష చేశాను. పోయిన థోరియమంతా అందులోనే ఉంది!

సంగతి ఇదీ. సబ్బు నీటి పైకి చేరి, ఋణావేశంతో పొరలా పరుచుకుంటుంది. నీటిలోని లోహపు అయాన్లది ధనావేశం కనుక ఆ పొర కిందికి వచ్చి మూగుతాయి. అందులోనూ థోరియానికి ఆవేశం ఎక్కువ. మిగతావాటిని నెట్టుకుని ముందుగా చోటు పట్టేస్తుంది. బుడగ లేచినప్పుడు ఆ పొరతోపాటే పైకి వస్తుంది. మిగతావాళ్ల గిన్నెల్లో నురుగు అణిగి మళ్లీ నీళ్లలోనే కలిసిపోతోంది, అందుకే వాళ్లకేమీ తగ్గలేదు. వేరుచేయడానికి మేమంతా తలలు బద్దలుకొట్టుకుంటుంటే, నేను రోజూ వేరుచేసి పారేస్తున్నాను!

మేష్టారు నమ్మలేదు. తన ఎదుటే మళ్లీ చేయమన్నారు. చేశాను. తూకం చూసి చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "నురుగు పోగుచేయాలని నీకెలా తోచిందమ్మా?" అన్నారు.

"తోచలేదండీ. మా నాన్న దగ్గర అలవాటు. పారేసిందీ నేనే, పట్టుకున్నదీ నేనే" అన్నాను.

ఆయన లేచి బంగార్రాజుని పిలిచి, నా గరిటె అతని చేతికిచ్చి, "నీళ్లు కదలకుండా నురుగెలా తీయాలో ఈ అమ్మాయి దగ్గర నేర్చుకో" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

అమ్మాయి వచ్చేస్తుందన్నావేటని ఊళ్లో ఎవరైనా అడిగితే, తనకి అక్కడ పనుందని చెప్పు. నాన్నా, నలుగురూ వినేలా చెప్పు.

నీ గుంట,
రాజ్యం